మూడు గింజల గుర్తు

మా పనిముట్ల వీధి చివర మూతపడ్డ కొలిమి ఒకటి ఉంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదు. తప్పనిసరై నడవాల్సి వస్తే అవతలి గోడకి అతుక్కుని, తల తిప్పకుండా, గబగబా దాటేసేవాళ్ళు. లోపల మనిషి లేడు, నిప్పు లేదు, తిత్తి ఊదే చెయ్యి లేదు... కానీ దీపాలు పెట్టే వేళకి ఆ కొలిమిలోంచి సుత్తి చప్పుడు వచ్చేది.

ఒక్క దెబ్బ. రోజుకి ఒక్కటే.

ఠంగ్... అని. అంతే. మళ్ళీ మర్నాడు సాయంత్రందాకా ఏమీ ఉండేది కాదు.

నాకు దెయ్యాలంటే పెద్ద నమ్మకం లేదు. ఉలులకి, సుత్తులకి, గొడ్డళ్ళకి పిడులు బిగించే పని నాది. పొద్దున్నించీ కర్ర చెక్కి చెక్కి నడుం పట్టేసి ఉంటుంది కాబట్టి, దెయ్యం గుమ్మంలోకి వచ్చినా 'ఊరికే నిలబడకపోతే ఆ కర్రముక్క అందుకో' అంటాను. అయినా ఆ చప్పుడు వినబడేసరికి కర్ర చెక్కే బాడిస చేతిలో అక్కడే ఆగిపోయేది. అబద్ధమెందుకు, భయమేసేది.

ఇప్పుడు చెప్పబోయేది మా బావకి జరిగింది. బావంటే మా అక్క మొగుడు. మొదటి సగం ఆయన చెప్పగా విన్నాను, రెండో సగం నా కళ్ళతో చూశాను. ఆ తర్వాతది ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా అక్క అడిగి అడిగి విసిగిపోయింది.

బావని వీధిలో అందరూ భూతద్దం అంటారు. మెడలో తాడుకి ఒక భూతద్దం వేలాడుతుంటుంది, స్నానానికి కూడా తియ్యడని మా అక్క గోల. పాత పనిముట్టు ఏది చేతిలో పెట్టినా సరే, దాని మీద చేసినవాడు కొట్టిన గుర్తు చూసి, ఇది ఫలానా వాడి చేతి పని, ఇంచుమించు ఫలానా ఏడాదిది అని చెప్పేస్తాడు. గుర్తు మాసిపోతే సుద్దపొడి రుద్దుతాడు. దీపం పక్కనుంచి పెట్టి చూస్తాడు. పల్చటి కాగితం వేసి, పైన పెన్సిలు రుద్ది నకలు తీసుకుంటాడు. అలాంటి నకళ్ళు ఇంట్లో పుస్తకాలకి పుస్తకాలున్నాయి. పెళ్ళాం పుట్టిందెప్పుడో గుర్తుండదు గానీ, ఏ సుత్తి ఎప్పుడు పుట్టిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఇనుము దగ్గర అంత ధీమాగా మాట్లాడే మనిషి, బల్లి మీద పడితే మంచమెక్కి కూర్చుంటాడు. పిరికితనంలో మా బావకి మా బావే సాటి. అలాంటివాడు ఒంటరిగా ఆ కొలిమిలోకి వెళ్ళాడంటే, దాని వెనక ఎంత బరువుందో మీరే అర్థం చేసుకోండి.

ఆ కొలిమి పెద్దాయన చేసిన ఉలికి మా వీధిలో తిరుగుండేది కాదు. ఆయన గుర్తు — గుండ్రటి గీత, లోపల మూడు గింజలు. ఆ గుర్తు కొట్టే ఉక్కు అచ్చుకి ఎప్పుడో చిన్న పెచ్చు లేచిపోయింది. దాంతో కొట్టిన ప్రతి గుర్తులోనూ గుండ్రం ఒకచోట తెగి ఉండేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ సందు పెద్దదవుతూ వచ్చింది. సందు ఎంతుందో చూసి బావ ఏడాది చెప్పేవాడు. అదీ ఆయన గొప్ప.

నాలుగేళ్ళ కిందట ఒక కార్ఖానా యజమాని పెట్టెడు కొత్త ఉలులు తెచ్చి బావ ముందు పెట్టాడు. పెద్దాయన దగ్గర కొన్నవే, ఒకసారి చూసి చెప్పమన్నాడు. బావ భూతద్దం పెట్టాడు. మూడు గింజలున్నాయి. కానీ గుండ్రంలో సందు లేదు. గీతలు కూడా లావుగా ఉన్నాయి.

"ఇది ఆయన అచ్చు కాదు. ఎవరో చూసి చెక్కిన నకిలీ."

బావ అన్నది ఆ రెండు ముక్కలే. సాయంత్రానికి వీధంతా పాకిపోయింది. పెద్దాయన ఎక్కడో చవక సరుకు తెప్పించి దొంగ అచ్చు కొట్టిస్తున్నాడన్నారు. వయసు మీద పడి చెయ్యి లేవడంలేదు, అందుకే ఈ పాడుపని అన్నారు. నిన్నటిదాకా ఆయన అరుగు మీద కూర్చుని ఆయన టీ తాగినవాళ్ళే అన్నారు. పోనీ నేనైనా నోరు విప్పానా అంటే, నేనూ విప్పలేదు.

పెద్దాయన బావ ఇంటికి వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నా చేత్తో కొట్టినవిరా అవి," అన్నాడు.

"గుర్తు అబద్ధం చెప్పదన్నా," అన్నాడు బావ.

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి కొలిమి వెలిగించలేదు. ఏడాది తిరక్కుండానే పోయాడు... ఇనుము పెట్టి కొట్టే దాగలి ముందు పీట మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే. నెల గడిచిందో లేదో, ఆ ఒక్క దెబ్బ మొదలైంది.

ఆ చప్పుడుకి అందరికంటే ఎక్కువ వణికింది మా బావే. ఎందుకో ఒకసారి నాతో అన్నాడు.

"ఇనుము సాగదీసేవాడు వంద దెబ్బలు కొడతాడు మరదలా. ఒక్క దెబ్బతో ఆపేది గుర్తు వేసేటప్పుడే. రెండో దెబ్బ పడితే గుర్తు చెదిరిపోతుంది. ఆయన... తన గుర్తు వేసుకుంటున్నాడు."

ఆ మాట విన్నాక వారం రోజులు నేను దీపం ఆర్పకుండా పడుకున్నాను.

పెద్దాయన పోయిన కొత్తలో ఆయన భార్య గుడ్డలో ఏదో చుట్టుకుని మూడుసార్లు బావ ఇంటికొచ్చింది. మూడుసార్లూ బావ పెరట్లో నక్కి, లేడని మా అక్క చేత చెప్పించాడు. నాలుగోసారి ఆవిడ రాలేదు.

ఇంతలో ఒక రోజు మధ్యాహ్నం ఒక వడ్రంగి ఉలి తెచ్చాడు నా దగ్గరికి. పిడి చీలిపోయింది, కొత్తది వెయ్యాలి. పాతది ఊడగొట్టి, ఉలి తుడిచాను. మూడు గింజల గుర్తు. గుండ్రంలో సందు లేదు. గీతలు లావుగా ఉన్నాయి.

"ఇదెక్కడ కొన్నావయ్యా?" అన్నాను.

"కొలిమి పెద్దాయన దగ్గరే. నాలుగేళ్ళయింది. నేను పక్కనే నిలబడ్డాను, గుర్తు కొట్టి వేడి చల్లారకుండానే చేతికిచ్చాడు. ఇదిగో, వేలు కాలిన మచ్చ కూడా ఉంది," అన్నాడు వాడు, నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఉలి పట్టుకుని తిన్నగా బావ దగ్గరికి పోయాను. వడ్రంగి చెప్పింది చెప్పినట్టు చెప్పాను. బావ భూతద్దం పెట్టి చూశాడు. చూసి, చూసి... గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు.

"అచ్చు అరగదీసి ఉంటాడు," అన్నాడు. "పెచ్చు పెద్దదైపోయిందని మొహం మొత్తం సాన పట్టి ఉంటాడు. అలా చేస్తే సందు పోతుంది. గీతల మొదలు వెడల్పు కదా, పైన అరిగితే గుర్తు లావుగా పడుతుంది. ఇంత చిన్న సంగతి... నాకు తట్టలేదు."

"అనుకోవడమేనా, గట్టిగా తెలిసేదుందా?"

"అచ్చు చూస్తే తెలిసిపోతుంది. అది కొలిమిలోనే ఉంటుంది."

"అయితే రేపు పొద్దున్నే వెళ్ళి చూడు."

"పొద్దున వెళ్తే వీధంతా చూస్తుంది. ఎందుకెళ్ళావని అడిగితే ఏం చెప్పను? నిజాయితీపరుణ్ణి దొంగని చేసి కాటికి పంపానేమో చూసుకోడానికెళ్ళానని చెప్పనా?"

నాకు ఒళ్ళు మండింది. అదే చెప్పమన్నాను. కానీ ఆయన మొహం చూశాక నోరు మూసుకున్నాను. మనిషికి దెయ్యం భయం ఒక పక్క, నిజం భయం ఇంకో పక్క. రెంటిలో ఏది ఎక్కువో ఆయనకే తెలియడంలేదు.

ఆ సాయంత్రమే బయల్దేరాడు. నాకు చెప్పలేదు, మా అక్కకీ చెప్పలేదు.

వీధి మలుపులో నిలబడి కాసేపు చూశాట్ట. రోజూ పడే దెబ్బ పడిపోయాక, అదేదో తన పని ముగించుకున్నాక వెళ్దామని ఆయన ఆలోచన. వీధి దీపాలు వెలిగాయి. కొట్లు ఒక్కొక్కటీ మూశారు. దెబ్బ పడలేదు. ఇంకాసేపు చూశాడు... పడలేదు. ఇవాళ్టికి లేదేమోలే అని తనకి తనే చెప్పుకుని, కొలిమి తలుపు మీద చెయ్యి వేశాడు.

తలుపుకి తాళం లేదు. ఎవరూ రారని తెలిసిన చోటికి తాళం ఎందుకు.

లోపల చల్లారిన బొగ్గు వాసన. టార్చి వేశాడు. నేల మీద దుమ్ము, తిత్తి మీద దుమ్ము, గోడకి వేలాడే పట్టుకార్ల మీద దుమ్ము. అడుగు వేస్తే కాలి కింద ఇటుక పెళ్ళ చిట్లింది. ఆ చప్పుడుకే ఎగిరిపడ్డాడు.

అచ్చులు గుచ్చి పెట్టే చెక్కదిమ్మ కిటికీ కింద ఉంది. వంగి చూశాడు. అరడజను అచ్చులు, అన్నిటి మీదా బూజు. ఒక్క కన్నం మాత్రం ఖాళీగా ఉంది.

ఆ కన్నంలో దుమ్ము లేదు.

రోజూ ఎవరో తీసి, రోజూ ఎవరో పెడుతున్న కన్నం అది. ఇప్పుడు తీసి ఉంది... పెట్టలేదు.

వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాడు. అప్పుడే టార్చి వెలుగు దాగలి మీద పడింది. కొలిమంతా దుమ్ముకొట్టుకుని ఉంటే దాగలి ఒక్కటే తుడిచినట్టు ఉంది. దాని మీద ఒక సీసం పలక. ఇనుము మీద వేసే ముందు అచ్చు ఎలా పడుతుందో చూసుకోడానికి పనివాళ్ళు మెత్తటి సీసం మీద కొట్టి చూసుకుంటారు. ఆ పలక నిండా గుర్తులు. వరసలు వరసలుగా.

భయం ఎంతున్నా అలవాటు చావదు. బావ చెయ్యి దానంతటదే మెడలో భూతద్దం అందుకుంది. టార్చి పక్కకి వంచి పట్టుకున్నాడు.

పై వరసలో మొదటి గుర్తుకి గుండ్రం తెగి ఉంది. తర్వాతి గుర్తుకి సందు కాస్త తగ్గింది. ఆ తర్వాతిదానికి ఇంకాస్త... పెద్దాయన కొంచెం సాన పట్టి ఒకటి కొట్టి, మళ్ళీ సాన పట్టి ఇంకోటి కొట్టి చూసుకున్నాడు. అయిదో గుర్తుకి సందు మాయమైంది. గీతలు లావయ్యాయి. కార్ఖానా ఉలుల మీద ఉన్న గుర్తు అదే. అచ్చంగా అదే.

"అన్నా..." అన్నాడు బావ. "నీదేనా... నీదేనా అది..."

కింద ఇంకా వరసలున్నాయి. అన్నీ ఆ లావు గుర్తులే, వందల కొద్దీ. సీసం కొత్తగా కొట్టిన చోట వెండిలా మెరుస్తుంది, కొద్ది రోజుల్లో మసకబారుతుంది. పై వరసలు నల్లబడిపోయాయి. కిందకి వచ్చేకొద్దీ బూడిద రంగు. చిట్టచివరి గుర్తు...

మెరుస్తోంది.

వెనక తిత్తి కిర్రుమంది.

టార్చి చేతిలోంచి జారి ఎక్కడో పడి ఆరిపోయింది. కటిక చీకటి. బావ రెండు చేతులూ దాగలి మీద ఆనించి అలాగే ఉండిపోయాడు. ఎవరో దగ్గరికి వస్తున్నారు. అడుగుల చప్పుడు లేదు, ఊపిరి చప్పుడు మాత్రం ఉంది... పక్కకి వచ్చి ఆగింది. ఆయన వేళ్ళకి చల్లగా ఇనుము తగిలింది. ఎవరో అచ్చు తెచ్చి సీసం మీద నిలబెట్టారు, ఆయన చూపుడువేలికి ఆనించి.

ఠంగ్.

దాగలి అదిరి, ఆ అదురు మోచేతులదాకా పాకింది.

చెవి పక్కన గుసగుస...

"ఇప్పుడు చెప్పు. ఎవరిదీ గుర్తు?"

"ఆయనదే..." అన్నాడు బావ. "అన్నదే. నేనే తప్పు చదివాను. అన్నదే..."

అవతల ఎవరో ముక్కు చీదిన చప్పుడు. దెయ్యం ముక్కు చీదడమేమిటా అని ఆయనకి అనుమానం వచ్చేలోపల అగ్గిపుల్ల గీసుకుంది.

సుత్తి చేతిలో పట్టుకుని, పెద్దాయన భార్య.

"కూర్చోవయ్యా, పడిపోయేట్టున్నావు," అందావిడ.

ఆవిడ వెనక సందులో కూతురి దగ్గర ఉంటోంది. కొలిమికి పెరటి తలుపు ఆ సందులోకే. మూడేళ్ళుగా రోజూ సాయంత్రం ఆ తలుపు తీసుకుని వచ్చి, ఒక్క దెబ్బ కొట్టి వెళ్ళిపోతోంది.

"ఈ పలక చూపిద్దామని మూడుసార్లు వచ్చాను మీ ఇంటికి. లేడన్నారు. నోటితో పిలిస్తే రావు, పోనీ ఇలా పిలుద్దామనుకున్నాను. ఒక్క దెబ్బంటే ఏమిటో వీధిలో నీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అందరూ జడుసుకుని పారిపోయినా నువ్వు ఎప్పటికైనా చూడ్డానికొస్తావనుకున్నాను. ఇవాళ నువ్వు మలుపులో నిలబడ్డం తలుపు సందులోంచి కనబడింది. అందుకే కొట్టకుండా కూర్చున్నాను."

బావ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఇది ఆయనే చెప్పాడు, సిగ్గుపడకుండా చెప్పాడు. ఆవిడ ఊరుకోమని అనలేదట. అనాల్సిన అవసరం కూడా లేదు, నన్నడిగితే.

మర్నాడు పొద్దున బావ ఆ పలక పట్టుకుని వీధి మొదటి నుంచి చివరిదాకా నడిచాడు. ప్రతి కొట్లోనూ ఆగాడు. "నేను తప్పు చెప్పాను. అవి పెద్దాయన చేతి ఉలులే. ఇదిగో చూడండి," అని ప్రతివాడికీ భూతద్దం ఇచ్చి చూపించాడు. కార్ఖానాకి కూడా వెళ్ళి చెప్పొచ్చాడు. మా వీధివాళ్ళ మొహాలు మీరు చూడాల్సింది. ఒక్కడి కళ్ళు పైకి లేస్తే ఒట్టు.

సాయంత్రం నేనే వెళ్ళి ఆ ముసలావిణ్ణి మా కొట్టుకి తీసుకొచ్చాను. నా స్టూలు మీద కూర్చోబెట్టి, టీ చేతికిచ్చాను. బావా, మా అక్కా వచ్చారు. ఉలి తెచ్చిన వడ్రంగి వచ్చాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాకైతే నాలుగేళ్ళ తర్వాత ఊపిరి తీసుకున్నట్టుంది. దెయ్యం లేదు, ఏమీ లేదు, పాపం ఒక ముసలమ్మ మొండితనం. నవ్వొచ్చింది కూడా.

"ఎంత భయపెట్టావు పెద్దమ్మా మమ్మల్ని," అన్నాను.

ఆవిడ చిన్నగా నవ్వి, టీ గ్లాసు పెదాల దగ్గరికి తీసుకుంది. బయట వీధి దీపాలు వెలిగాయి.

ఠంగ్.

ఎవరూ కదల్లేదు. అందరి చూపులూ ఆవిడ మీదే. ఆవిడ నా ముందే, నా స్టూలు మీద, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది.

గ్లాసు మెల్లిగా కింద పెట్టింది. నడుం దగ్గర చీర మడతలోంచి అచ్చు తీసి నా పనిబల్ల మీద పెట్టింది. గుండ్రం, మూడు గింజలు. మా అక్క నా చెయ్యి పట్టుకుంది.

ఆవిడ మాత్రం భయపడలేదు. వీధి చివరి వైపు ఒకసారి చూసింది, వంటింట్లోంచి పిలిస్తే ఆ వైపు చూసినట్టు. తర్వాత బావ వైపు తిరిగింది.

"వీధిలో అందరికీ చెప్పావయ్యా," అంది నెమ్మదిగా. "ఆయనకి చెప్పలేదు."

నేను వద్దని తల ఊపాను. మా అక్క వద్దంది, గట్టిగానే అంది. బావ వినలేదు. లేచి, గుమ్మంలో నిలబడ్డవాళ్ళని తప్పుకోమని, వీధిలోకి దిగాడు. మేమంతా గుమ్మంలోంచి చూస్తున్నాం. ఆయన నడక మధ్యలో రెండుసార్లు ఆగింది. మళ్ళీ సాగింది. కొలిమి ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"అన్నా," అని పిలిచాడు. మాదాకా వినబడింది.

తలుపు తట్టడానికి చెయ్యి ఇంకా ఎత్తలేదు ఆయన. తలుపు లోపల్నించి తెరుచుకుంది.